పోయినవాళ్ళ పేజీ

టెక్సస్‌లో ఇర్వింగ్ అనే ఊళ్ళో మా గుడి ఆఫీసులో పంతొమ్మిదేళ్ళు పనిచేసి పోయిన నెలలో మానేశాను. కారణం పెద్దదేం కాదు, మోకాళ్ళు. కతోలిక గుడిలో మోకాళ్ళు లేకుండా ఉద్యోగం కష్టం. నా కుర్చీలోకి వచ్చిన రీటా అనే అమ్మాయి, "ఆంటీ, పాస్‌వర్డులన్నీ ఇచ్చారు గానీ పనేంటో చెప్పలేదు," అంది. నిజమే. పాస్‌వర్డులు చెప్పడం తేలిక. అందుకని ఇది రాస్తున్నాను. చదివాక కూడా స్పష్టత రాకపోతే నన్ను తిట్టుకోవద్దు. నాకూ రాలేదు.

ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడినీ దాని జనాన్నీ కలిపి మేము విచారణ అంటాం. ఆ పేరు నాకు బాగా సరిపోయింది. గుడికి వచ్చినవాళ్ళని నేను నిజంగానే విచారణ చేసేదాన్ని. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, చివర్లో ఫాదర్ గారు వచ్చారా లేదా. నా వెనక నన్ను లాయరమ్మ అనేవాళ్ళని నాకు తెలుసు. అనేవాళ్ళకి నాకు తెలుసని తెలియదు.

అసలు పని

అసలు పని పేర్లు రాయడం. మిగతావన్నీ, అంటే హాలు బుక్ చేయడం, ప్రింటర్‌తో కుస్తీ పట్టడం, పెళ్ళికూతుళ్ళ తల్లులతో మాట్లాడడం, ఎవరైనా చేస్తారు. పేర్లు రెండు రకాలు. బతికున్నవాళ్ళలో జబ్బుపడ్డవాళ్ళవి, కష్టంలో ఉన్నవాళ్ళవి ఒక జాబితా. చనిపోయినవాళ్ళవి ఒక పుస్తకం. నవంబరంతా ఆ పుస్తకం పీఠం పక్కన తెరిచి ఉంటుంది, ఎవరైనా వచ్చి తమవాళ్ళ పేరు రాసుకోవచ్చు. తెలుగువాళ్ళు తెలుగులో రాసేవాళ్ళు. నేను గుంటూరులో తెలుగు ఎం.ఏ. చదివినదాన్ని. ఒత్తు తప్పినా, దీర్ఘం ఎగిరిపోయినా ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. చనిపోయినాయన పేరు తప్పు రాస్తే ఆయన వచ్చి దిద్దుకోలేడు కదా.

చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన ఏమిటని నన్ను అడగనివాళ్ళు లేరు. పక్క అపార్ట్‌మెంట్ హిందూ స్నేహితురాలు "ఓ, మీకూ తద్దినాలేనన్నమాట," అనేది. మా పెద్దమ్మ కూతుళ్ళు ప్రొటెస్టెంట్లు, "బైబిల్లో ఎక్కడుందో చూపించు," అనేవాళ్ళు. ఇద్దరితోనూ పోట్లాడాను, ఎవరినీ గెలవలేదు. మేము చిన్నప్పుడు నేర్చుకున్నది ఇంతే. చనిపోయినవాళ్ళు దేవుడి ముఖం చూసేముందు శుభ్రపడే చోటు ఒకటుంది, దాని పేరు ఉత్తరించు స్థలం. అక్కడున్నవాళ్ళు తమ కోసం తాము ఏమీ చేసుకోలేరు. వాళ్ళ తరఫున మనం అడగాలి. ఎందుకు అడగాలి, అడక్కపోతే దేవుడికి తెలియదా? ఈ ప్రశ్నని పంతొమ్మిదేళ్ళు ఇద్దరు ఫాదర్ల మీద ప్రయోగించాను.

మొదటి బాస్

మొదటి పదేళ్ళు ఫాదర్ మైకేల్. ముసలాయన, టెక్సస్‌లోనే పుట్టి పెరిగినవాడు. రోజూ పొద్దున గుడి తలుపులు తెరవకముందే మోకరించి, ఆ పుస్తకంలో పేర్లు పైకి చదివేవాడు. వినడానికి ఎవరూ లేరు, నేను తప్ప. చిన్నపరెడ్డి అన్న పేరుని ఆయన చదివిన తీరు వింటే చిన్నపరెడ్డి సమాధిలోంచి లేచి వచ్చేవాడు. నేను వెనక నుంచి సరిచేసేదాన్ని. ఆయన మళ్ళీ చదివేవాడు, ఇంకో రకంగా తప్పు. ఒకరోజు విసిగిపోయి, మీకు వీళ్ళెవరో తెలియదు, పేరు కూడా నోరు తిరగదు, ఎందుకీ అవస్థ అన్నాను.

"పేరు దేవుడికి ముందే తెలుసు ఆగ్నేస్," అన్నాడు. "నేను అడగడం ప్రాక్టీస్ చేస్తున్నాను."

తెలిసినవాణ్ణి మళ్ళీ అడగడమెందుకని నిలదీశాను. తెలియదన్నాడు. అంత పెద్దాయన, సెమినరీలో అన్నేళ్ళు చదివి, తెలియదని తేలిగ్గా అనేసి కాఫీ తాగడానికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత కొన్నేళ్ళకి ఆయన పేరు కూడా అదే పుస్తకంలో నేనే రాశాను. స్పెల్లింగ్ మూడుసార్లు సరిచూసుకున్నాను.

రెండో బాస్ సలహా

ఫాదర్ టాన్ వియత్నాం నుంచి చిన్నప్పుడే వచ్చినవాడు. నాకంటే చిన్న. గొంతు పెంచడు. గొంతు పెంచని బాస్‌తో పోట్లాడడం ఎంత కష్టమో ఉద్యోగాలు చేసినవాళ్ళకి తెలుస్తుంది.

మాకు నెలకోసారి, మొదటి ఆదివారం మధ్యాహ్నం తెలుగు పూజ, అంటే తెలుగులో మాస్, ఉంటుంది. ఇంకో ఊరి నుంచి తెలుగు ఫాదర్ గారు కార్లో వచ్చి చెబుతారు. అందులో జనం తమ ప్రార్థనలు తామే పైకి చెప్పుకునే సమయం కొంత ఉంటుంది. అది జాన్‌బాబు అంకుల్ సమయం. "ప్రభువా, మా అబ్బాయికి ఇంత చిన్న వయసులో ప్రిన్సిపల్ ఇంజినీర్‌గా ప్రమోషన్ ఇచ్చినందుకు, వాళ్ళ టీమ్‌లో ఇండియన్ ఒక్కడే అయినందుకు, మేము అయోగ్యులమైనా లేక్ ఫేసింగ్ ఇల్లు అనుగ్రహించినందుకు..." అని సాగేది. దేవుడికి న్యూస్ చదువుతున్నట్టుండేది. అయోగ్యులమని అంత గొప్పగా చెప్పుకోవడం నేను ఇంకెక్కడా వినలేదు. ఒకసారి పూజ అయ్యాక, "అంకుల్, దేవుడికి లింక్డ్‌ఇన్ అకౌంట్ ఉందేమో చూడండి, అక్కడే పెట్టేయొచ్చు," అన్నాను. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు.

అలా ఉండగా, భర్త చనిపోయిన ఒకావిడ నా మీద ఫాదర్ టాన్‌కి కంప్లయింట్ చేసింది. పేరు రాయించుకోవడానికి వస్తే పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు అడిగానట. ఆయన నన్ను పిలిచి కూర్చోబెట్టి, దుఃఖంలో ఉన్నవాళ్ళని ప్రశ్నలు అడగొద్దనీ, వాళ్ళు ఎంత చెబితే అంత వినమనీ, వినడం కూడా ప్రార్థనేననీ చెప్పాడు. అణకువతో వినండి అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. సరే, అణకువంటే ఏమిటో చూపిస్తాను అనుకున్నాను. అణకువని అలా అనుకోకూడదని ఇప్పుడు తెలుస్తోంది.

మొత్తం సర్వీసులో బాస్ మాట నేను తు.చ. తప్పకుండా విన్నది ఆ ఒక్కసారే.

ఫోన్

వారం తిరక్కుండా అక్టోబరు చివర్లో స్టెల్లా ఫోన్ చేసింది. స్టెల్లాది వరంగల్ వైపు. భర్త శౌరిరెడ్డి ఇక్కడే లాస్ కోలినాస్‌లో సాఫ్ట్‌వేర్. మూడేళ్ళుగా తెలుగు పూజకి వస్తున్నారు. ఒక్కతే పాప, అనీషా, సెకండ్ గ్రేడ్.

"అక్కా, ఆయన పోయిండు," అంది.

నలభై కూడా ఉండవు ఆయనకి. ఎప్పుడమ్మా అన్నాను.

"ఎనిమిది దినాలాయె. పొద్దుగాల లేచి చూసెవరకు లేడు." కాసేపు ఏడ్చింది. "ఆయన పేరు మీద పూజ చెప్పియ్యుండ్రి. నాతోని ప్రార్థన అయితలేదు. నోరు తెరిస్తె తిట్లే వస్తున్నయ్."

పాపకి తెలుసా అంటే, చెప్పలేదనీ, ఊరికి పోయిండని చెప్పాననీ అంది. నిద్రలోనే గుండె ఆగిపోయి ఉంటుంది, ఈ ఉద్యోగాల్లో ఇవి మామూలైపోయాయి అనుకున్నాను. నా నాలిక మీద పది ప్రశ్నలున్నాయి. ఏ హాస్పిటల్, బాడీ ఇండియా పంపారా, ఇక్కడే చేశారా, మాకెందుకు చెప్పలేదు. ఒక్కటి అడిగినా నిజం బయటపడేది. అడగలేదు. అణకువతో విన్నాను. దేవుడున్నాడమ్మా అని ఫోన్ పెట్టేసి, పుస్తకం తెరిచి, నా ముత్యాల్లాంటి అక్షరాలతో కీర్తిశేషులు శౌరిరెడ్డి అని రాశాను.

నవంబరు మొదటి ఆదివారం తెలుగు పూజలో పేర్లు నేనే చదివాను. ఒక్కో పేరు తర్వాత జనం "ప్రభువా, నిత్య విశ్రాంతి నొసగుము" అంటారు. స్టెల్లా వెనక బెంచీలో ఉంది. శౌరిరెడ్డి పేరు చదవగానే గుడంతా ఒక్కసారి తలలు తిప్పింది. అనీషా మాత్రం నవ్వింది. పూజలో వాళ్ళ నాన్న పేరు మైకులో వినపడిందని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఊపింది. కీర్తిశేషులంటే ఏమిటో ఇక్కడ పుట్టిన పిల్లకి ఏం తెలుసు. అది చూసి నేను తర్వాతి రెండు పేర్లు సరిగా చదవలేకపోయాను.

పూజ అయ్యాక ఆడవాళ్ళంతా స్టెల్లాని చుట్టుకున్నారు. అందరికంటే ముందు జాన్‌బాబు అంకుల్ భార్య. స్టెల్లా ఏమీ చెప్పలేదు, ఏడ్చింది. ఏ రోజు ఎవరు వంట పంపాలో వాట్సాప్ గ్రూపులో షీట్ పెట్టింది నేనే. బాడీ ఇండియాకి పంపించేశారట అని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు గానీ మర్నాటికి అది అందరికీ తెలిసిన సంగతైపోయింది.

చనిపోయినాయన మాట్లాడాడు

మూడో వారంలో ఆఫీసుకి ఫోన్ వచ్చింది. మగ గొంతు, తెలుగు.

"మీ దగ్గర ఒక పేరు తీసేయించాలె మేడం."

"ఏ పేరు?"

"శౌరిరెడ్డి."

"మీరు ఆయనకి ఏమవుతారు?"

"నేనే మేడం."

నా నోట మాట రాకపోవడం నా జీవితంలో అదే మొదలు. ఎడిసన్‌లో ఉన్న స్నేహితుడెవరో, మా గుడిలో పేరు చదివిన సంగతి విని, శౌరి ఆత్మకి శాంతి కలగాలని ఫోటోతో సహా మెసేజ్ తయారుచేసి, పాత గ్రూపులో పెట్టాడట. ఆ గ్రూపులో శౌరి కూడా ఉన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. మా గుంటూరు వైపు మనిషి ఎక్కడికైనా వెళ్తే వెళ్ళాడంటాం. పోయాడంటే ఇక లేడని. వాళ్ళ వైపు ఆఫీసుకైనా పోవుడే, బజారుకైనా పోవుడే, పరలోకానికైనా పోవుడే. లేచి చూస్తే లేడంటే, మంచం మీద లేడు. అంతే. తెలుగు ఎం.ఏ.

మాట రాగానే కడిగేశాను. బతికున్నవాళ్ళు పెళ్ళానికి ఫోన్ చేస్తారు గానీ గుడికి చేయరన్నాను. చేస్తే ఎత్తడంలేదన్నాడు. ఎత్తుతుందా మరి అన్నాను. దేనికీ ఎదురు చెప్పలేదు. ఉద్యోగం పోయిందట. మూడు నెలలు రోజూ లంచ్ బాక్స్ పట్టుకుని బయల్దేరి లైబ్రరీలో కూర్చునేవాడట. ఇంట్లో చెప్పే మొహం లేక ఒకరోజు తెల్లవారుజామున కారెక్కి పోయాడు. ఇంకో రాష్ట్రంలో, బాతెల్ అనే ఊళ్ళో ఎవరో తెలిసినతను కాంట్రాక్టు చూపిస్తే అక్కడ చేరాడు. గ్రీన్‌కార్డు ఉంది, వీసా బాధ కూడా లేదు. మరి ఎందుకు పోయినట్టు? ఆయన చెప్పింది నాకు అర్థమైంది, అయినా అర్థం కాలేదు.

ఆఖర్న అడిగాడు. "మంది బాగ వచ్చిండ్రా మేడం?"

"గుడి నిండింది."

"అందరు ప్రార్థన జేసిండ్రా?"

"చేశారు."

"పాప వచ్చిందా?"

వచ్చిందనీ, మీ పేరు విని నవ్విందనీ చెప్పాను. పేరు తీసేస్తానులెండి అంటే, "మీ ఇష్టం," అన్నాడు. మొదట్లో ఉన్న పట్టుదల లేదు.

ఫాదర్ టాన్‌కి చెబితే ముందు నవ్వాడు. దేవుడికి స్తోత్రం, బతికున్నవాళ్ళ జాబితాలోకి మార్చండి అన్నాడు. ప్రశ్నలు వద్దన్నది మీరే కదా అని దులిపాను.

"వినమన్నాను ఆగ్నేస్," అన్నాడు మెల్లగా. "ఊహించమనలేదు."

మూడు వారాలు చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన బతికున్నవాడి మీద పోశాం కదా, అదంతా ఏమైనట్టు అని అడిగాను. ఏదీ వృథా పోదన్నాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. ఏ తప్పుకైనా సరిపోయే జవాబు అది.

ఉండనియ్యుండ్రి

ఆ సాయంత్రమే స్టెల్లా అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. ఫ్రిజ్ తలుపు మూతపడడంలేదు, అన్ని బిర్యానీ ట్రేలు. దులిపేద్దామనే వెళ్ళాను.

"నేను అబద్ధం జెప్పలె అక్కా," అంది నేను నోరు తెరవకముందే. "పోయిండన్న. పోయిండు గదా. మీరు రాసుకున్నరు."

గుడిలో చదివినప్పుడైనా లేచి చెప్పొచ్చు కదా అన్నాను.

"లేద్దామనుకున్న. పూజ అయిపోంగనే ఆంటీ వచ్చి పట్టుకున్నది. ఆయన పోయిన కాన్నుంచి నన్ను ఎవ్వరు ముట్టుకోలె అక్కా." ట్రేల వైపు చూసింది. "సచ్చినోల్ల కోసం అడిగితె అందరు మోకరిస్తరు. ఇడిసిపెట్టి పోయినోని కోసం అడుగు, నువ్వేమన్నవ్ ఆయన్ని అని నన్ను అడుగుతరు. మీరు గూడ అడుగుతరు."

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న అప్పటికే నా నోట్లో ఉంది. మింగాను.

"ఈ నెల ఎల్లెదాక ఉండనియ్యుండ్రి. నాతోని అయితలేదు, మందన్న చేస్తున్నరు గదా ప్రార్థన."

ఏమనాలి? తప్పు అది. చనిపోయినవాళ్ళ పుస్తకంలో బతికున్నవాడి పేరు ఉండకూడదు. గుడిలో అబద్ధం నడవకూడదు. కానీ ఆ మూడు వారాలు మా జనం ఎలా ప్రార్థించారో నేను చూశాను. ఎవరూ కారణం అడగలేదు. ఎవరూ తప్పెవరిదని అడగలేదు. బతికున్నవాళ్ళ జాబితాకి అలాంటి ప్రార్థన నేను ఎప్పుడూ చూడలేదు. ఆ జాబితాలో పేరు చదివితే జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు, ఏం చేశాడో అని. సరే, నెలాఖరు దాకా అనబోయాను.

లోపలి గదిలోంచి అనీషా వచ్చింది. చేతిలో గుడిలో పిల్లలకి చెప్పే కేటకిజం క్లాసు పుస్తకం.

"ఆంటీ, మా డాడీ డెడ్ ఆ?" అని నన్నే అడిగింది. "మా క్లాస్‌లో ఆరన్ చెప్పాడు. వాళ్ళ మమ్మీ మాకు పులావ్ చేసింది అంట, బికాజ్ హి ఈజ్ డెడ్. బట్ హి వెంట్ టు ఇండియా, కదా?"

స్టెల్లా కింద కూలబడి పిల్లని దగ్గరికి లాక్కుంది. "లేదు బిడ్డా. డాడీ ఉన్నడు. ఇండియాల గూడ లేడు. ఈడనే ఉన్నడు, వేరే ఊర్ల." అలా అంటూనే తలెత్తి నావైపు చూసింది. "తీసెయ్యుండ్రి అక్కా. కానీ మందికి నేను చెప్పలేను."

నేను చెప్తానన్నాను. అనేశాక తెలిసింది ఏమన్నానో.

డిసెంబరు

డిసెంబరు మొదటి ఆదివారం, తెలుగు పూజలో మైకు దగ్గర నిలబడ్డాను. అదే మైకులో ఇన్నేళ్ళుగా ఎంతమంది ఉచ్చారణ సరిచేశానో.

"శౌరిరెడ్డి గారు బతికే ఉన్నారు," అన్నాను. "స్టెల్లా నాతో ఉన్నమాటే చెప్పింది. నేను గుంటూరు చెవులతో విని, అడగాల్సింది అడక్కుండా, చనిపోయారని రాసుకున్నాను. తప్పు నాది. ఆమెది కాదు."

ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు గుడంతా పాకింది. లాయరమ్మ దొరికిపోయింది మరి. నవ్వనిచ్చాను. మరి ఆయన ఎక్కడున్నట్టు అని ముందు బెంచీలోంచి ఒకావిడ గట్టిగానే అడిగింది. అది నేను రాసుకోలేదన్నాను. పోయిన నెల ఆయన కోసం ఎలా చేశారో ఈ నెలా అలాగే చేయండి అన్నాను.

అక్కడ చిక్కొచ్చింది. చనిపోయినవాళ్ళకి ఏం చెప్పాలో మాకు నోటికి వచ్చు. జబ్బుపడ్డవాళ్ళకి ఏం చెప్పాలో వచ్చు. పోయినవాడికి ఏం చెప్పాలి? ఒకరిద్దరు అలవాటుకొద్దీ నిత్య విశ్రాంతి అని మొదలుపెట్టి నాలిక్కరుచుకున్నారు. పూజ చెబుతున్న ఫాదర్ గారు కూడా పుస్తకంలో పేజీలు తిప్పుతున్నారు. స్టెల్లా తల వంచుకుని ఉంది, పక్కన ఎవరూ కూర్చోలేదు.

జాన్‌బాబు అంకుల్ లేచాడు. అయిపోయింది, ఇక లేక్ ఫేసింగ్ ఇంటి దాకా వెళ్తుంది అనుకున్నాను.

"ప్రభువా," అన్నాడు. "ఎక్కడున్నాడో నీకు తెలుసు."

కూర్చున్నాడు. ఇంకేం లేదు. ఆయన భార్య కళ్ళు తుడుచుకోవడం చూశాను, ఎందుకో అర్థం కాలేదు.

స్టెల్లాకి వంటలు ఆ వారంతో ఆగిపోయాయి. కొంతమంది పలకరింపులు కూడా. జాన్‌బాబు అంకుల్ భార్య ఒక్కావిడ మాత్రం శనివారాలు అనీషాని తీసుకెళ్ళి తెలుగు అక్షరాలు దిద్దించేది.

పోయిన నవంబరు

మళ్ళీ నవంబరు వచ్చేసరికి నేను మానేయాలని నిశ్చయించుకున్నాను. కొత్త పుస్తకం పెడుతూ చివర్లో ఒక పేజీ వదిలేసి, పైన "పోయినవాళ్ళు" అని రాసి గీత కొట్టాను. ఫాదర్ టాన్ చూసి, ఇది బతికున్నవాళ్ళదా చనిపోయినవాళ్ళదా అని అడిగాడు. రెండూ కాదు ఫాదర్, ఇది తెలుగు అన్నాను. తల గోక్కుని వెళ్ళిపోయాడు. ఆయనకి అర్థమైందో లేదో. నాకైనా అయిందని కాదు.

ఎవరూ రాయరేమో అనుకున్నాను. రెండో వారానికే సగం పేజీ నిండింది. అన్నలు, కూతుళ్ళు, ఒక పాత రూమ్మేట్. మూడో వరసలో జాన్‌బాబు అంకుల్ చేతిరాత. వాళ్ళబ్బాయి, ఆ ప్రిన్సిపల్ ఇంజినీర్ పేరు. ప్రమోషన్ సంగతి ఆయనకి ఎవరు చెప్పారో, ఎంతకాలంగా మాటల్లేవో, అన్నేళ్ళు ఆ పొడుగు ప్రార్థనలు ఎవరు వినాలని చేశాడో నేను అడగలేదు. లింక్డ్‌ఇన్ జోకు గుర్తొచ్చి మాత్రం ఆ రోజు అన్నం దిగలేదు.

నా ఆఖరి వారంలో శౌరి ఫోన్ చేశాడు. ఏడాదిగా రెండు మూడు నెలలకోసారి చేస్తూనే ఉన్నాడు. స్టెల్లా కూడా ఎత్తుతోందట. పాపకిచ్చి పక్కకి వెళ్ళిపోతుందట.

"అక్కా, అదేదో పేజీ పెట్టిండ్రంట. పాప చెప్పింది. నా పేరున్నదా?"

ఉందన్నాను.

"స్టెల్లా రాసిందా?"

"కాదు. మీ అమ్మాయి."

"ఏమని రాసింది?"

పుస్తకం ముందే ఉంది. పెన్సిల్‌తో, ఒక్కో అక్షరం ఒక్కో సైజులో, "నాన". ఒత్తు లేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఒత్తు రాలేదు, దిద్దుతానులెండి అన్నాను.

"దిద్దకుండ్రి," అన్నాడు వెంటనే. "అది తప్పు గాదక్కా. మా దిక్కు గట్లనే అంటరు."

వాళ్ళ దిక్కున నాయిన అంటారు. ఆ మాత్రం నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. ఎర్ర పెన్ను మూత పెట్టేశాను.

రీటా, నీకు చెప్పాలనుకున్నది ఇంతే. అడుగు. ఫాదర్ గారు ఏం చెప్పినా సరే, అడగాల్సింది అడుగు. ఏది అడగాలో ఏది మింగాలో ఎలా తెలుస్తుందంటే, నాకు తెలియదు. నేను ఆ రోజు అడిగాను. ఇంటికి ఎప్పుడు వస్తున్నారు అని సూటిగా అడిగాను.

"వస్త అక్కా," అని పెట్టేశాడు.

వెళ్ళేటప్పుడు వస్తా అనడం మన అలవాటు. అది వీడ్కోలు మాట. కానీ ఫోన్‌లో అలా ఎవరూ అనరు, ఉంటా అని పెట్టేస్తారు. అయితే అది వీడ్కోలా, జవాబా? ఏ వస్తా అని అడగడానికి తిరిగి ఫోన్ చేయబోయి ఆగాను. ఆ పేజీలో "నాన" ఎదురుగా కొంచెం ఖాళీ ఉంది. అందులో ఏమీ రాయలేదు. నువ్వూ రాయకు.